ఉబ్బిన డబ్బా

కెనడాలో కేప్ బ్రెటన్ తీరంలోని ఆ రేవులో పట్టిన లాబ్‌స్టర్లు, అంటే పెద్ద సముద్రపు రొయ్యలు, అన్నీ ఏళ్ళ తరబడి ఒకే షావుకారు చెప్పిన ధరకి పోతుండేవి. ఆ చలికాలం సముద్రం గడ్డకట్టి పడవలు ఒడ్డెక్కాక, ఊళ్ళో పెద్దవాళ్ళంతా జాలరి ఇల్లాలు మర్డీనా వంటింట్లో చదువుకు కూర్చున్నారు. మాంసాన్ని డబ్బాల్లో ఎలా నిలవచెయ్యాలో చెప్పే చిన్న పుస్తకాన్ని మర్డీనా కూడబలుక్కుంటూ చదివేది. అర్థంకానిచోట అందరూ వాదించుకునేవాళ్ళు. మంచు కరిగాక దుంగలు కొట్టి తెచ్చి సొంత ఫ్యాక్టరీ నిలబెట్టారు. ఉడకబెట్టే పని మర్డీనాది, డబ్బాలకి టంకం పెట్టే పని ఆమె మొగుడు హెక్టర్‌ది.

హాలిఫాక్స్ పట్నం నుంచి కొనేవాడు రావలసిన రోజు పొద్దున్నే మర్డీనా సరుకు గది తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయింది. పై వరుసలో ఒక డబ్బా మూత కప్ప పొట్టలా ఉబ్బి ఉంది. లోపల మాంసం కుళ్ళిందన్నమాట.

క్షణాల్లో ఆ కబురు రేవంతా గుప్పుమంది. షావుకారు గుమాస్తా గుమ్మంలోకొచ్చి నవ్వాడు. "వంటింటి చదువులు కదమ్మా, వంటింటి దాకే!"

"అంతా సముద్రంలో పారబోయాల్సిందేనంటావా?" అని అడిగింది పక్కింటి ముసలి క్రిస్టీ.

"ఆగు పెద్దమ్మా. ఉడకడంలో లోపమైతే ఇదొక్కటే ఉబ్బి ఊరుకోదు. అన్నీ చూద్దాం రండి."

అలా అని మర్డీనా ముందుగా తనే ఒక డబ్బా అందుకుంది. అందరూ నేలమీద కూర్చుని ఒక్కో డబ్బా మూత నొక్కి, నీళ్ళలో ముంచి బుడగలొస్తాయేమోనని చూశారు. మధ్యాహ్నానికి చివరి డబ్బా కూడా బాగానే ఉందని తేలింది. అప్పుడు ఉబ్బినదాన్ని తిప్పి చూస్తే, అంచు దగ్గర టంకంలో, గాలి దూరి మాంసం పాడవడానికి చాలినంత, సూదిమొనంత సందు కనిపించింది.

హెక్టర్ బుర్ర గోక్కున్నాడు. "ఆవేళ పక్కన కూర్చున్నవాళ్ళకి మన రేవు కుర్రాడు రోరీ పెళ్ళి కబుర్లు చెప్తున్నానా... చెయ్యి కాస్త జారింది."

"జారింది చెయ్యి కాదు, నోరు!" అంది క్రిస్టీ. అందరూ పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరంతా నవ్వై బయటికొచ్చింది.

కొనేవాడు వచ్చాడు. ఉబ్బిన డబ్బా దాచేద్దామని హెక్టర్ సైగ చేశాడు. మర్డీనా దాన్ని తీసి ఆయన ముందే పెట్టింది.

"ఒకటి పోయిందండీ. ఎందుకు పోయిందో పట్టుకున్నాం. మిగతావాటిలో మీకు నచ్చింది తెరవండి."

ఆయన అడుగు వరుసలోంచి ఒకటి లాగి, తెరిచి, వాసన చూసి, ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆయన ఇంకో ముక్క తీసుకున్నాడు. తర్వాత మరొకటి.

"ఈ ఏడాది సరుకంతా మాకే పంపండి," అన్నాడు నములుతూనే.

మర్డీనా ఫ్యాక్టరీ వెనక్కి వెళ్ళి, లాబ్‌స్టర్లు పట్టే వల బుట్టమీద కూలబడింది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు. హెక్టర్ టీ పట్టుకొచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇకమీదట పనిలో ఒక్క మాటా మాట్లాడనే!"

"మాట్లాడకపోతే చస్తావు గానీ, నీ పక్కన ఎవర్నీ కూర్చోనివ్వను," అని మర్డీనా వేడి టీ గుటకలు వేసింది.