మూడుకీ నాలుగుకీ మధ్య

పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న ఆమెను ఊళ్ళో అందరూ పానక్క అనే పిలిచేవారు. చేతిలో పానా లేకుండా ఆమెను చూసినవాళ్ళు అరుదు. ఎత్తులంటే భయం లేదు, చీకటి గోతులంటే భయం లేదు. అలాంటి మనిషి ఒక సోమవారం పరీక్షల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, తిరుగు రైల్లో రెండున్నర గంటలూ కిటికీలోంచి చూస్తూనే కూర్చుంది. ఏం చూసిందో ఆమెకే తెలియదు.

ఎడమ రొమ్ములో రెండు సెంటీమీటర్ల గడ్డ. క్యాన్సరే.

పెద్ద నగరంలో పెద్ద ఆసుపత్రి. మూడు గంటలు కూర్చోబెట్టి, ఆరు నిమిషాలు మాట్లాడారు. ఆపరేషన్, మందులు, రేడియేషన్ అంటూ డాక్టరు కంప్యూటరుకు చెబుతున్నట్టే చెప్పాడు. పానక్క ఒక్కటే అడిగింది.

"నాది బరువులెత్తే పని సార్. ఈ చెయ్యి మళ్ళీ ఇదివరకటిలా లేస్తుందా?"

"ముందు ప్రాణం సంగతి చూడండమ్మా. చెయ్యి సంగతి తర్వాత."

ఆయన అన్నది తప్పని ఆమె అనుకోలేదు. కానీ ఆ ముక్క విన్నాక ఇంకేం అడగాలన్నా నోరు రాలేదు.

ఇంటికొచ్చేసరికి వదిన దిగి ఉంది. వదినంటే భర్తకు అక్క. మాట కటువు, మనసు వెన్న, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. చేతిలో నాలుగు ఊళ్ళ డాక్టర్ల పేర్లు, మొత్తం పంతొమ్మిది. ఇరుగుపొరుగులు తలా ఒక మాట అన్నారు. ఒకరు ఆకు పసరన్నారు, ఒకరు విమానమెక్కి పొమ్మన్నారు, ఒకావిడైతే తన పిన్నత్తగారి కథ మొదలుపెట్టి, అది ఎలా ముగిసిందో గుర్తొచ్చి మధ్యలో నాలుక కరుచుకుంది. భర్త అచ్చాఫీసులో మిషను నడుపుతాడు. మాటల మనిషి కాదు. రాత్రి అన్నం దగ్గర "నువ్వెక్కడంటే అక్కడికి" అని మాత్రం అన్నాడు. ఎక్కడో తెలిస్తే కదా ఆమె చెప్పడానికి!

సొంత ఊళ్ళో ఆరంతస్తుల ఆసుపత్రి ఒకటుందన్న సంగతి ఎవరి నోటా రాలేదు. పొరుగింటి పుల్లకూర రుచి మరి.

గురువారం పదింటికి ఆ ఆసుపత్రి నుంచే ఫోనొచ్చింది. లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది, లోపల ఇద్దరున్నారు. సెలవు పెట్టమని ఇంట్లో గొడవ చేస్తున్నా పానక్క పనిలోకి వెళుతూనే ఉంది. పనిలో ఉన్నంతసేపే ఆమెకు బుర్ర పనిచేస్తోంది. పెట్టె భుజానేసుకుని పరుగెత్తింది.

నాలుగో అంతస్తులో తాళంచెవి తిప్పి, బయటి తలుపు నాలుగు వేళ్ళ సందు తెరిచింది.

"లోపల ఉన్నవాళ్ళు! నేను మెకానిక్‌ని. గాలికి ఢోకా లేదు, తలుపులు మాత్రం లాగకండి. ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాం. ఒకావిడ కాస్త కంగారు పడుతోంది. మీరు నిదానంగానే చూడండి" అంది ఒక గొంతు, కుర్చీలో కూర్చుని కబుర్లు చెబుతున్నంత తీరికగా.

తలుపు మూసి, ఆరంతస్తుల పైనున్న మిషను గదికి ఎక్కింది. కరెంటు ఆపింది. ఇక బ్రేకు వదిలించి, చేత్తో చక్రం తిప్పి లిఫ్టును కిందికి దింపడమే. తీరా చూస్తే బ్రేకు వదిలించే ఇనప కడ్డీ ఉండాల్సిన కొక్కేనికి ఎవరిదో గొడుగు వేలాడుతోంది. ఆసుపత్రి ఎలక్ట్రీషియన్, బొద్దు మీసాల పెద్దాయన, నెత్తి గోక్కున్నాడు.

"స్టోర్లో పెట్టాననుకుంటానమ్మా."

"అనుకుంటే లిఫ్టు దిగదు బాబాయ్. తీసుకురా!"

ఆయన వెళ్ళాడు. మోటారు ఆగిపోయిన గది నిశ్శబ్దంగా ఉంది. నేలలో తాళ్ళు కిందికి దిగే కంతల్లోంచి, బావిలో మాట్లాడినట్టు, లోపలివాళ్ళ మాటలు స్పష్టంగా పైకి వస్తున్నాయి.

"...పేజీ తిప్పలేకపోతున్నా డాక్టర్. లైబ్రరీలో పనిచేసేదాన్ని, పేజీ తిప్పలేనంటే నవ్వరూ? వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి."

"ఎప్పట్నుంచి?"

"రెండో కీమో ఇంజెక్షన్ నుంచి. చిన్న విషయం కదా అని..."

"చిన్న విషయం కాదు. పోయినసారి నేను అడగాల్సింది, అడగలేదు, అది నా తప్పు. ఈ మందు మోతాదు చూసేది నేను కాదు, మందుల డాక్టరుగారు. కిందికి దిగగానే మనిద్దరం ఆయన దగ్గరికి వెళదాం. ఇవాళే. ఏయ్, ఏడవకండి. ఇప్పుడు చెప్పారుగా, మంచి పని చేశారు."

పానక్క కంతవైపు వంగింది. డాక్టరు! అందులోనూ ఈ రోగం డాక్టరు! 'నా తప్పు' అంటోంది! దొంగచాటుగా వినడం బాగోదని కంత దగ్గర మోకాళ్ళమీద కూర్చుని కేకేసింది.

"అమ్మా! మీ మాటలు పైకి వినబడుతున్నాయి! చెవులు మూసుకోనా?"

ఏడుస్తున్న గొంతే పకపకా నవ్వింది. "చెవులు మూసుకుంటే చేతులతో పనేం చేస్తావే తల్లీ! విను, ఏం పర్లేదు!"

ఆ నవ్వు పానక్కకు ఎక్కడలేని ధైర్యాన్నిచ్చింది. మొగుడి దగ్గర కూడా పెగలని మాట నోట్లోంచి దూకేసింది.

"డాక్టరమ్మా! నాక్కూడా... ఎడమవైపు, రెండు సెంటీమీటర్లు. సోమవారం చెప్పారు!"

అదే తీరికైన గొంతు పైకొచ్చింది, ఈసారి మరింత దగ్గరగా, తలెత్తి మాట్లాడుతున్నట్టు.

"మీరు ఏ చేతివాటం?"

"ఎడమ! ఎడమ చేతివాటమే!"

"అయితే మీకు ఆ చెయ్యి బాగా ముఖ్యం. ముందు మమ్మల్ని దించండి. నాకు పదకొండున్నర వరకూ ఖాళీ. ఎన్ని ప్రశ్నలున్నాయో అన్నీ అడుగుదురుగాని."

సరిగ్గా అప్పుడే బాబాయ్ రొప్పుతూ, కడ్డీని జెండాలా పట్టుకుని వచ్చాడు. ఆయన బ్రేకు పట్టుకుని వదులుతుంటే పానక్క చక్రం తిప్పింది. ఎడమ చేత్తోనే. అంగుళం, అంగుళం, తాడుమీది పసుపు గీత గుర్తు దగ్గరికి వచ్చేదాకా. కింద తలుపు తెరుచుకున్న చప్పుడు, చప్పట్లు! మెట్లు మూడేసి చొప్పున దిగింది.

డాక్టరమ్మ పొట్టిగా ఉంది, కాళ్ళకు పాత బూట్లు, జేబులో నాలుగు పెన్నులు. మాట తప్పలేదు. లైబ్రరీ ఆవిడను మందుల డాక్టరు దగ్గర కూర్చోబెట్టి వచ్చి, పానక్క ఫోన్లో ఉన్న కాగితాల ఫోటోలన్నీ చదివింది, గడ్డను చేత్తో చూసింది, తెల్ల కాగితంమీద బొమ్మ గీసింది.

"రొమ్మంతా తీసే అవసరం ఉండకపోవచ్చు. గడ్డ, దాని చుట్టూ కొంచెం తీస్తాం. చంకలో గ్రంథులుంటాయి. ముందు రెండో మూడో మాత్రమే తీసి పరీక్షిస్తాం. అవి శుభ్రంగా ఉంటే మిగిలినవాటి జోలికి పోం. అలా అయితే చెయ్యి వాచే ప్రమాదం బాగా తక్కువ. రెండో రోజు నుంచే వ్యాయామం. రేడియేషన్ మిషను మా దగ్గర లేదు, పక్క ఊరికి వెళ్ళాలి, నలభై నిమిషాలు."

"మీరు ఇలాంటివి ఎన్ని చేస్తారు?" అడిగేశాక పానక్కకే సిగ్గేసింది.

"అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నెలకు ఎనిమిది, పది. ప్రతి కేసూ బుధవారం డాక్టర్లందరం కూర్చుని మాట్లాడుకుంటాం. ఇంకో మాట. నేను చెప్పానని ఒప్పేసుకోకండి. ఇంకొకరిని కూడా అడగండి. కావాలంటే పేర్లు రాసిస్తా."

పానక్క ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళలేదు, ఎగిరి వెళ్ళింది. వాకిట్లోంచే "దొరికింది! డాక్టరు దొరికింది!" అని అరిచింది.

వదిన అంతా విని నడుంమీద చెయ్యి పెట్టుకుంది. "లిఫ్టులో ఇరుక్కుపోయిన డాక్టరా? తనే బయటపడలేనిది నిన్నేం బయట పడేస్తుందే?"

"అసలు నన్ను ఏ చేతివాటమని అడిగింది వదినా! ఇంతవరకూ ఎవరడిగారు?"

వదిన నడుంమీది చెయ్యి కిందికి దించింది. అలా ఎప్పుడూ జరగదు. "ఇంకొకరిని కూడా అడగమంది, పేర్లు కూడా రాసిచ్చింది" అని కాగితం చూపిస్తే కాస్త మెత్తబడింది. మర్నాడే ఇద్దరూ పక్క ఊరు వెళ్ళారు. అక్కడి పెద్ద డాక్టరు కాగితాలు అటూ ఇటూ తిప్పి, "నేనైనా ఇదే చేసేవాణ్ణి. ఆవిడ దగ్గరే చేయించుకోండి, ఇంటికి దగ్గర" అన్నాడు. తిరిగి వచ్చే బస్సులో వదిన పక్క సీటావిడకు "మా డాక్టరమ్మ" గురించి చెప్పడం మొదలుపెట్టింది. పానక్క ముఖం కిటికీవైపు తిప్పుకుని నవ్వింది.

ఈలోగా లైబ్రరీ అక్క వదిలిపెట్టలేదు. "శనివారం పదింటికి లైబ్రరీ మేడమీదికి రా. రాకపోతే ఈసారి కావాలనే లిఫ్టులో ఇరుక్కుని పిలిపిస్తా" అని ఫోను చేసింది. వెళితే పదకొండు మంది ఆడవాళ్ళు! ఒకామెకు టోపీ, ఒకామెకు ఇప్పుడిప్పుడే మొలుస్తున్న జుట్టు, ఒకామె ఇవన్నీ దాటి తొమ్మిదేళ్ళయిందట. జాలి చూపులు ఒక్కటీ లేవు. మాటలకు మాత్రం కరువు లేదు.

"రక్తం తీసేటప్పుడు ఆరో నంబరు గదిలో కళ్ళద్దాల నర్సునే అడుగు. సూది గుచ్చిందని నీకు తెలిస్తే ఒట్టు."

"ఆపరేషనుకి ముందు గుండీల చొక్కాలు కొనుక్కో. తలమీంచి తొడుక్కునేవి కొన్నాళ్ళు కుదరవు."

"కారులో వెళ్ళేటప్పుడు బెల్టుకీ ఒంటికీ మధ్య చిన్న దిండు పెట్టుకో. ఇదిగో, నేనే కుట్టా."

సోమవారం నుంచీ పానక్క తన బాధ లోకంలో ఎవరికీ లేనిదనుకుంది. ఇక్కడ దానికి దారులు, మలుపులు, అడ్డదారులు అన్నీ తెలిసినవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు, అదీ తన వీధికి నాలుగు వీధుల అవతల! తోడొచ్చిన వదిన గుమ్మం దగ్గరే నిలబడిపోతే, టోపీ ఆమె లాక్కొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆపరేషన్ జరిగింది. గ్రంథులు శుభ్రంగా ఉన్నాయని తేలినప్పుడు ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశారు. నాలుగు రోజులకు డాక్టరమ్మే స్వయంగా ఫోను చేసింది.

"ఒక చెడ్డ మాట, ఒక మంచి మాట. తీసిన ముక్క అంచున ఇంకొంచెం మిగిలింది. మళ్ళీ ఒక చిన్న ఆపరేషన్ చేయాలి. మంచి మాటేంటంటే, గడ్డ స్వభావాన్ని బట్టి మీకు ఆ గట్టి ఇంజెక్షన్లు అవసరం లేదని బుధవారం అందరం అనుకున్నాం. మాత్రలు, రేడియేషన్ సరిపోతాయి."

ఆ సాయంత్రం పానక్క బాగా ఏడ్చింది. లైబ్రరీ అక్క వచ్చి పక్కన కూర్చుంది గానీ ఏడవకు అనలేదు. మర్నాడు పానక్క చిన్న సంచి సర్దుకుని మళ్ళీ వెళ్ళింది. ఈసారి అంచులన్నీ శుభ్రం.

రేడియేషన్‌కి రోజూ పక్క ఊరు. మూడు వారాలు. అందుకూ గుంపు దగ్గర జవాబుంది. తొమ్మిదేళ్ళు దాటిన ఆమె పూలకొట్టు నడుపుతుంది, ఆమెకో వ్యాను ఉంది, పొద్దున్నే పక్క ఊరి మార్కెట్టుకు వెళుతుంది. అదే దారిలో రేడియేషన్ ఉన్నవాళ్ళను దింపి, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కించుకుంటుంది. పూల బుట్టల మధ్య ముగ్గురు ఆడవాళ్ళు, ముందు సీట్లో వదిన. వెళ్ళేటప్పుడు వాదులాట, వచ్చేటప్పుడు పాటలు. రెండో వారంలో చర్మం కమిలి, పట్టలేనంత నీరసం వచ్చింది. అప్పుడు ఎవరూ పాడలేదు. వ్యాను గతుకుల్లో నెమ్మదిగా నడిచింది. మూడో వారం చివర మళ్ళీ పాడారు.

ఇంటి దగ్గర వ్యాయామం. గోడమీద వేళ్ళను సాలీడులా పైకి నడిపించాలి. వదిన పక్కన నిలబడి పెన్సిల్‌తో గుర్తులు పెట్టేది. "నిన్నటికంటే రెండు వేళ్ళు పైకి! ఆగకు, ఆగావంటే ఊరుకోను!" ఆ అరుపులకు పక్కింటివాళ్ళు ఏం గొడవోనని వచ్చి, సంగతి తెలిసి వాళ్ళూ లెక్కపెట్టడం మొదలెట్టారు. నాలుగో నెలలో పానక్క పనిలోకి వెళ్ళింది. బరువైన పెట్టెను మాత్రం రెండుగా చేసుకుంది.

ఏడాదికి మళ్ళీ రొమ్ము ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ చూసి, రెండోసారి చూసి, తల ఎత్తి, "ఏమీ లేదు. శుభ్రం" అంది. పానక్క ఎడమ చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది.

వరండాలోకి రాగానే భర్తకు ఫోను చేసింది. అవతల అచ్చు మిషను దడదడ.

"ఏమండీ! ఏమీ లేదట!"

"ఆఁ? ఏం లేదు?"

"ఏమీ లేదండీ!"

"ఏం లేదే? పర్సా? మళ్ళీ బస్సులో పారేశావా?"

పానక్క ఊపిరి బిగబట్టి, వరండా చివరన మందులు కొనుక్కుంటున్నవాళ్ళు సైతం వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అరిచింది.

"నాలో క్యాన్సర్ లేదండీ!"

మిషను ఆగింది. తర్వాత ఆ మాటల మనిషి కానాయన, అచ్చాఫీసులో అందరికీ వినబడేలా, ఆమె కంటే గట్టిగా "మా ఆవిడకు ఏమీ లేదట!" అని కేకేశాడు.