కంది దిగుబడిలో విత్తనం వాటా

నేను ఒక లెక్కల యంత్రాన్ని. ఇనుప ఒళ్లు, పక్కన తిప్పడానికో పిడి. మొదట ఒక బీమా కచేరీలో మనుషుల ఆయుష్షు లెక్కగట్టి అలిసిపోయాను. చక్రాల పళ్లు అరిగాక అనంతపురం వైపు ఒక పప్పుధాన్యాల పరిశోధన కేంద్రానికి పంపారు. అక్కడ లెక్కలు చూసే వకుళమ్మ చేతికి చిక్కాను.

అక్కడి పెద్ద శాస్త్రవేత్త పరాంకుశంగారు. ఒక కొత్త కంది విత్తనం మీదే ఆయన జుట్టు నెరిసింది. ఎర్రనేల రైతులకు దాన్ని పంచాలని తాపత్రయం. రైతుల పొలాల దిగుబడి లెక్కలన్నీ తెచ్చి వకుళమ్మ ముందు పెట్టారు.

విత్తనం రకం, నేల రకం అంకెలు కావు. అందుకని ఒక్కో రకానికి ఒక గడి పెట్టి, ఆ రకమైతే ఒకటి, కాకుంటే సున్నా వేసి, దిగుబడి దేనివల్ల ఎంత మారిందో తేల్చే రిగ్రెషన్ లెక్క కట్టింది. రెండూ ఉంచితే, దిగుబడిలోని హెచ్చుతగ్గుల్లో ముప్పావు వంతుకు కారణం దొరికింది. విత్తనాల గడులన్నీ ఒకేసారి తీసేసి మళ్లీ తిప్పింది. ఆ ముప్పావు దాదాపు ఏమీ తగ్గలేదు. వాటిని తిరిగి పెట్టి, నేలల గడులు తీసేసింది. సగానికి పడిపోయింది.

"నేల తీసేసినా విత్తనానికి అంత వస్తాండాది గదమ్మా! అదే రిపోర్టులో రాయి," అన్నారు పరాంకుశంగారు.

"అది నేల గొప్ప సార్. మీ విత్తనం ఎక్కువగా నల్లరేగడిలోనే ఏసినారు. నేలను లెక్కలో పెట్టినాక విత్తనానికంటూ ఏం మిగల్లా."

ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని సాయంత్రం దాకా తానే పిడి తిప్పారు. జవాబు నచ్చకపోతే మనుషులు నన్ను మళ్లీ తిప్పుతారు. అబద్ధమాడే ఓపిక నాకెక్కడిది? ప్రతిసారీ అదే జవాబు చెప్పాను.

విత్తనం విడుదల చేసే సమావేశంలో ఆయనే లేచి, "ఇప్పుడే ఇయ్యొద్దండీ. ఎర్రనేలలో సరిగ్గా ఏసి చూడల్యా," అన్నారు. ఆ మాట వకుళమ్మే వచ్చి నాకు చెప్పింది. ఆ వానాకాలం ప్రతి నేలలోనూ అన్ని విత్తనాలూ సమంగా వేయించారు.

ఆ పంట లెక్కే నా చివరిది. తర్వాత కంప్యూటరు వచ్చింది, నన్ను గోదాములోకి తోశారు. ఆ పంట లెక్క నాటికే పరాంకుశంగారు రిటైరయ్యారు. అయినా బస్సెక్కి వచ్చి, వకుళమ్మ పక్కన నిలబడ్డారు.

"విత్తనం వాటా చాలా చిన్నదేనా?"

"చిన్నదే సార్. కానీ ఇది విత్తనానిదే. నేలది కాదు."

ఆయన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చాల్లేమ్మా," అన్నారు. "దానిదంటూ కొంచెముండాది."