కాజా కొలత

పొద్దున రొట్టె తినకముందే సంచి మార్చాలి. అప్పుడు పేగు కాస్త ఊరుకుంటుంది. నీలవ్వ ఒక చేత్తో భర్త పొట్ట చర్మాన్ని నొక్కిపట్టి, రెండో చేత్తో మలం పట్టే సంచి అంటుబిళ్ళను పైనుంచి కిందికి మెల్లగా ఊడదీస్తోంది. ఆపరేషన్‌లో బయటికి తీసిన పేగు కొస ఎర్రగా, తడిగా, బాగానే ఉంది. చుట్టూ చర్మమే ఉడికిపోయింది.

ఫకీరప్ప పళ్ళు బిగబట్టాడు. గదగ్ బజారులో నలభై ఏళ్ల దర్జీ. ఎనిమిది రోజుల కిందట కొట్లో బిళ్ళ పక్కనుంచి కారి గిరాకీ తెచ్చిన తెల్లగుడ్డ పాడైంది. అప్పట్నుంచి గడప దాటలేదు. నలుగురిలో మళ్ళీ కారితే ఆ మొహం ఎవరికీ చూపించనంటాడు.

ఆమె గోరువెచ్చని నీళ్లతో తుడిచి, మెత్తని గుడ్డతో అద్దింది. అతను గోడ మేకుకున్న గిరాకీల పాత కాలరు కొలతల కాగితాల్లోంచి తన కాగితం తీశాడు. ఆసుపత్రిలో మొదటివారం తీసిన కొలత. కొత్త బిళ్ళమీద గీసి, గీత బయట పావు అంగుళం వదిలి కత్తెర పెట్టబోయాడు.

"ఆగు. అదెందుకు వదిలావు?"

"ఎందుకేమిటే! కుట్టేవాడు వదలడా? మనిషన్నాక ఒళ్ళు చేస్తాడు."

"నీ పేగు ఒళ్ళు చేస్తుందా? అప్పుడు నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు రేగుపండంతైంది. ఇది చొక్కా కాదయ్యా, కాజా. గుండీ ఎంతో కన్నమంత."

ముప్పై ఏళ్లుగా అతను కుట్టే చొక్కాలకు కాజాలు కుడుతోంది. ఏనాడూ అతనికి పని నేర్పలేదు. ఫకీరప్ప కత్తెర ఆమె చేతికిచ్చాడు.

కొత్తగా కొలిచి, నూలుపోగంత సందు మాత్రం ఉంచి కోసింది. అంటించి, ఒంటి వేడికి పట్టేదాకా అరచేత్తో నొక్కింది. కొత్త కొలత కాగితంమీద అతను గిరాకీలకు రాసినట్టే పేరూ మాటా రాసి మేకుకు తగిలించాడు.

ఆరోజు ఇద్దరూ కొట్టుకెళ్ళారు. మధ్యాహ్నం మజ్జిగన్నం తింటూ, "చుక్క కారలేదే, గురువమ్మా!" అని నవ్వాడు. సాయంత్రం మిషను ఆగింది. సూదిలో దారం ఎక్కిస్తున్నాడనుకుంది. కాజా పూర్తిచేసి తలెత్తేసరికి అతని నుదురు గుడ్డమీద ఆనివుంది. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

వాళ్ళ కులంలో పోయినవాళ్ళను కూర్చోబెడతారు. విభూతి పెట్టి, ఊరంతా చూసిపోయాక, కూర్చున్నట్టే సమాధిలోకి దించుతారు. తెల్లారి స్నానం చేయించేవేళ నీలవ్వ మగవాళ్ళను బయటికి పంపి కొత్త సంచి తీసింది.

"ఇప్పుడదెందుకు వదినా?" అంది ఆడపడుచు బసవ్వ ఏడుస్తూ.

"నలుగురిలో కూర్చోవాలి కదే. కారకూడదు."

తుడిచింది, అద్దింది, కొత్త కాగితం ప్రకారం కోసింది. ఆ ఒంట్లో వేడి లేదు. తన అరచేతి వేడికే అంటుకోవాలని చాలాసేపు నొక్కిపట్టింది. చుక్క కారకుండానే వెళ్ళాడు.

గోడ మేకుకు ఆ కాగితం ఇంకా ఉంది. రేగుపండంత కన్నం, పైన అతని చేతిరాతతో ఫకీరప్ప అని, కింద "ఏమీ వదలొద్దు" అని.