నా పేరుకి అర్థం చెప్పు

నేను ఒక రొట్టెను. పేరు చబాటా. మా వంశం ఇటలీది. నేను పుట్టింది మాత్రం కాకినాడలో, సుభాషిణి నడిపే బేకరీలో. నీళ్ళు ఎక్కువ పోసి కలిపిన పిండిని కావడంతో చెప్పిన మాట వినకుండా ఆమె చేతులకు అంటుకుని సాగాను. చివరికి పొయ్యిలోంచి పొడుగ్గా, చదునుగా, లోపలంతా బొక్కలతో బయటపడ్డాను. ఆ బొక్కలే నా గొప్పట. గాలిని కూడా మెచ్చుకుంటూ నమలగలిగేది మనుషులే.

పొద్దెక్కేసరికి నా తోబుట్టువులందరూ సంచుల్లోకెక్కి వెళ్ళిపోయారు. నేను ఒంటరిగా మిగిలాను. అప్పుడొచ్చాడు గవర్రాజు, సుభాషిణికి బాబాయి. తండ్రి నడిపిన కాజాల కొట్టును ఆయన పోయాక ఆమె రొట్టెల కొట్టుగా మార్చిందన్న కోపంతో, ఇన్నాళ్ళూ ఈ గడప తొక్కని మనిషి. ఇప్పుడు భార్య పోరు పడలేక వచ్చాడు. ఆవిడకు పక్కింటివాళ్ళు మా రుచి చూపించారట.

"ఏదో రొట్టె చేస్తన్నావంట. మీ పిన్ని తెమ్మంది," అన్నాడు గోడకేసి చూస్తూ.

"ఇదొక్కటే ఉంది బాబాయ్. చబాటా."

"అంటే?"

"చెప్పు."

"నన్నడుగుతావేంటే? నువ్వే చెప్పు!"

"చెప్పే బాబాయ్! ఇటలీ భాషలో కాలి చెప్పు అని అర్థం. దీని ఆకారం చూడు."

కొట్లో ఉన్నవాళ్ళందరూ పకపకా నవ్వారు. ఎదురింటి వరహాలమ్మ ఊరుకోలేకపోయింది. "గవర్రాజు గారండీ, ఈ ఎండు రొట్టెలు కాకినాడోళ్ళు తింటే నన్ను చెప్పుతో కొట్టండని నడిబజార్లో అన్నారు కదండీ!"

నవ్వులు ఆగిపోయాయి. గవర్రాజు ముఖం కందగడ్డయింది. విసురుగా గుమ్మం దాకా వెళ్ళాడు. ఇప్పుడు వెళితే బాబాయి ఇక ఈ జన్మకు రాడని సుభాషిణికి తెలుసు. నన్ను చేత్తో పట్టుకునే ఆయన వెనక రెండడుగులు వేసింది.

గుమ్మంలో ఆయన ఆగాడు. తిరిగొచ్చి తల వంచాడు.

"అన్నాను. కొట్టవే."

"ఊరుకో బాబాయ్!"

"కొడతావా, పోనా?"

సుభాషిణి కళ్ళు గట్టిగా మూసుకుని, నాతో ఆయన భుజం మీద ఒక్కటేసింది. నా పైపెచ్చు కరకరమని చిట్లింది. లాల్చీ మీద తెల్లగా పిండి మరక పడింది.

"ఇంతేనా? మీ నాన్న చెయ్యయితే వీపు పేలిపోయేది," అంటూ నవ్వబోయిన గవర్రాజుకు అన్న గుర్తొచ్చాడు. ఏం చెయ్యాలో తోచక నన్ను తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ తుంచాడు. పాపం, పిన్నికి ముక్క కూడా మిగల్లేదు.

ఆయన గొంతులోంచి జారిపోతూ నేను విన్న ఆఖరి మాట ఇది:

"ఉప్పు చాల్లేదే. రేపు పిండి కలిపేటప్పుడు నేనొస్తాలే."