తలుపు పక్క వరస

“ఇల్లంతా చల్లగా ఉంటే నీ ఒక్కదానికే ఎందుకమ్మా ఉక్కపోత?” అన్నారు అత్తగారు, హాల్లో ఏసీ కింద కాళ్లు చాపుకుని. వంటింట్లో గిన్నె దించుతున్న కోడలు మోచేత్తో మొహం తుడుచుకుంది. వంటింటికో ఫ్యాన్ పెట్టించమని ఆరేళ్లుగా అడుగుతోంది. “గాలికి మంట ఆరిపోతుంది” అని ఒకసారి, “ఎంతసేపుంటావు అక్కడ, రెండు గంటలేగా” అని ఇంకోసారి భర్త మాట దాటేశాడు. రెండు గంటలట! పొద్దున రెండు, సాయంత్రం రెండు, మధ్యలో ఆఫీసు. చివరికి ఆమెకే అనుమానం పట్టుకుంది, తన ఒంట్లోనే ఏదో తేడా ఉందేమోనని.

లారీల్లో వెళ్లే టీకా మందులు దారిలో ఎంత వేడెక్కుతాయో ముందుగా లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. లారీ కదలకముందే దాన్ని కంప్యూటర్లో నడిపిస్తుంది. ఎండ ఎంత, ఎన్నిచోట్ల ఆగుతుంది, ఆగినప్పుడల్లా తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుంది, అన్నీ చూస్తుంది. ఎనిమిది డిగ్రీలు దాటితే ఆ మందు పనికిరాదు. వారం రోజులుగా ఎన్నిసార్లు నడిపినా ఒకటే జవాబు: ఏడోచోట ఆగేసరికి తలుపు పక్క వరసలోని మందు పన్నెండు డిగ్రీలకు చేరుతోంది. లారీలోని మీటరు మాత్రం ఎప్పుడూ అయిదే చూపిస్తుంది. చూపించదూ మరి! దాన్ని బిగించింది చల్లగాలి వచ్చే గొట్టం పక్కన.

“సగటు బాగానే ఉందిగా. అందరికీ చల్లగా కనిపించే లారీ నీ ఒక్కదానికే వేడిగా కనిపిస్తోందేంటమ్మా? సాయంత్రంలోగా పంపొచ్చని సంతకం పెట్టెయ్, రేపు పొద్దున్నే బండి బయల్దేరాలి” అన్నాడు ఆఫీసులో పెద్దసారు.

“సరే సార్” అనేసింది. ఇంట్లో రోజూ అనే మాటే, నోటికి అదే వచ్చింది.

పెన్ను కోసం సంచిలో చెయ్యి పెడితే, లారీల్లో పెట్టే, గంటగంటకూ వేడిని రాసుకునే చిన్న డబ్బా తగిలింది. నిన్న టిఫిన్ బాక్సుతో పాటు పొరపాటున ఇంటికి తీసుకెళ్లింది. రాత్రంతా వంటింటి అరమీదే ఉండి, పొద్దున బాక్సుతో పాటే మళ్లీ సంచిలోకి వచ్చింది. ఆపడం మర్చిపోయింది. కంప్యూటరుకు తగిలించి చూసింది. నిన్న సాయంత్రం ఏడింటికి, నలభై మూడు డిగ్రీలు.

ఆ అంకెను చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. ఆరేళ్లుగా తన ఒళ్లు నిజమే చెప్పింది. వాళ్లు నమ్మలేదు సరే, తనూ నమ్మలేదే! కళ్లు తుడుచుకుని, కాగితం పట్టుకుని లేచింది.

“సంతకం పెట్టను సార్. పిల్లలకి వేసేది సగటు కాదు, సీసాలో ఉన్న మందు. ఆ తలుపు పక్క సీసా ఎవరి బిడ్డకి వెళ్తుందో మీకు తెలుసా?”

“ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?”

“ఆలోచించుకునే వచ్చాను.”

పెద్దసారు మొహం మాడ్చుకుని చాలాసేపు కాగితం తిరగేశాడు. తర్వాత ఫోనెత్తి, ఆమె వైపు చూడకుండానే, “తలుపు పక్క వరస ఖాళీగా పంపండి” అన్నాడు.

ఇంటికి చేరేసరికి, “ఇంత ఆలస్యమా? ఆకలి దంచేస్తోంది” అన్నాడు భర్త, ఏసీ కిందనుంచి లేవకుండా. ఆమె వంటింట్లోకి వెళ్లలేదు. డబ్బాను అతని చొక్కా జేబులో వేసి, అత్తగారి పక్కన కూర్చుంది.

“ఏంటిది?”

“వేడి కొలిచేది. ఇవాళ్టి నుంచి సాయంత్రం వంట మీది” అంది నెమ్మదిగా. “కానీ మీకు ఉక్కపోస్తోందంటే చాలు, అది చూడకుండానే నేను నమ్ముతాను.”