కార్డుల సంతకు ఒక్కడే వచ్చాడు

గురువారం తెల్లవారుతుండగా డెస్మండ్ భార్య నోరీన్ పోయింది. ఆదివారం హాలిఫాక్స్ ఊళ్ళో చర్చి హాల్లో, ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బొమ్మల కార్డుల సంత. బల్లకి అద్దె ముందే కట్టేసి ఉంది కాబట్టి డెస్మండ్ ఓల్డ్‌రాయిడ్ వ్యాను వేసుకుని వెళ్ళాడు. వెళ్ళకపోతే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, పాత క్రికెటర్ల కార్డులు ముందు వరసలో పెట్టాడు. ఎప్పుడూ రెండు కుర్చీలు వేసేవాళ్ళు. అతను భూతద్దం పట్టుకుని మూలలు నలిగాయా, అంచులు కత్తిరించారా అని చూస్తుంటే, వచ్చినవాళ్ళతో మాటలూ నవ్వులూ నోరీన్ చూసుకునేది. ఈసారీ అలవాటు కొద్దీ రెండో కుర్చీ వేశాడు.

పక్క బల్ల స్టాన్ కిల్నర్‌ది. ముప్పై ఏళ్ళ స్నేహం.

"ఏంట్రా డెస్, నోరీన్ ఏది? చివరికి నిన్ను వదిలేసి పోయిందా?" అన్నాడు స్టాన్.

"ఒంట్లో బాగోలేదు. ఇంట్లో ఉంది."

అనాలని అనుకున్న మాట కాదు. నోటంట వచ్చేసింది. స్టాన్ "అయ్యో పాపం" అని, తన మోకాలి నొప్పి కథ ఎత్తుకున్నాడు. డాక్టరు ఏమన్నాడో, మెట్లు ఎక్కితే ఎలా పట్టేస్తుందో, అన్నీ చెప్పాడు. డెస్మండ్ తలూపుతూ విన్నాడు. తర్వాత అడిగినవాళ్ళకి జలుబన్నాడు, ఆ తర్వాత వాళ్ళకి దగ్గన్నాడు. అందరూ అడిగామని చెప్పమన్నారు. చెప్తానన్నాడు. చెయ్యి మొద్దుబారితే గిల్లినా తెలియనట్టు, ఆ మాటలేవీ అతన్ని తాకలేదు.

మధ్యాహ్నం హిల్లరీ సగ్డెన్ అనే పెద్దావిడ ఆల్బమ్ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది.

"మా అన్నయ్యవండి. కార్డులు ఊడదీయొద్దు, ఉన్నవి ఉన్నట్టే పట్రమ్మని పోయిన సంతలో మీ ఆవిడ చెప్పింది. ఆవిడ రాలేదా?"

"జలుబు చేసిందండి. బాగా చెప్పింది, ఊడదీస్తే చిరిగిపోతాయి."

పేజీలు తిప్పాడు. యుద్ధానికి ముందు నాటి ఆటగాళ్ళు, టోపీలూ బుగ్గల మీద ఎరుపు రంగూ చెక్కుచెదరలేదు. ఒక్కటీ తప్పిపోలేదు. కానీ అన్నీ జిగురుతో అతికించినవే.

"ప్రతి కార్డుకీ వెనకాల రాత ఉంటుందమ్మా. కొనేవాళ్ళు అదే చూస్తారు. జిగురు పెడితే అది పోయినట్టే. పది పౌండ్లు దాటవు."

"వీటితో కారు కొనొచ్చని అనేవాడు మా అన్నయ్య."

ఇలాంటప్పుడు నోరీన్ ఏదో ఒకటి అనేది, ఎదుటి మనిషి నవ్వుకుంటూ వెళ్ళిపోయేది. ఇప్పుడు తనే ఏదైనా అనాలని డెస్మండ్‌కి తెలుసు. ఆల్బమ్ మూసి ఆమె వైపు జరిపాడు.

"అమ్మకండి. మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు.

ఆమె ఏమీ అనుకోలేదు. సంచిలోంచి కాగితంలో చుట్టిన అల్లం కేకు తీసింది. "మీ ఆవిడకివ్వండి. ఎలా చెయ్యాలో తనే చెప్పింది. కుదిరిందో లేదో చెప్పమనండి."

"అలాగే," అన్నాడు డెస్మండ్.

సాయంత్రం సర్దుకుంటుంటే స్టాన్ కుంటుకుంటూ వచ్చి కేకు వాసన పట్టాడు. "నోరీన్‌కా? ఒక ముక్క తింటే కోప్పడదులే."

"మొత్తం తినెయ్. తను చచ్చిపోయింది."

స్టాన్ చెయ్యి కేకు మీదే ఆగిపోయింది. "ఎప్పుడు?"

"గురువారం. గుండె."

"పొద్దుట్నుంచీ నా మోకాలి గోలంతా విన్నావు కదరా."

"బాగానే ఉంది, వింటుంటే."

స్టాన్ తన బల్ల అలాగే వదిలేసి డెస్మండ్ పెట్టెలన్నీ వ్యానులో పెట్టాడు. తాళాలు అడిగి తీసుకుని, తనే నడిపి ఇంటికి తీసుకొచ్చాడు.

వంటింట్లో కెటిల్ పెట్టి, "పంచదార ఎక్కడరా?" అని అడిగాడు.

డెస్మండ్ నిలబడిపోయాడు. అతనికి తెలియదు. ఇన్నేళ్ళూ టీ తియ్యగానే చేతికొచ్చేది. ఇద్దరూ అల్మరాలన్నీ తెరిచి చూశారు. పిండి దొరికింది, ఎండు ద్రాక్ష దొరికింది, పంచదార దొరకలేదు. చివరికి చప్పటి టీయే తాగారు. ఇప్పుడు ఏడుస్తాడేమోనని స్టాన్ కప్పు మీంచి చూస్తూనే ఉన్నాడు. డెస్మండ్ ఏడవలేదు. ఏడుపు దగ్గర్లో ఉన్నట్టు కూడా లేదు.

"అంత్యక్రియలు బుధవారం పొద్దున, ఇక్కడి చర్చిలోనే," అన్నాడు.

"నల్ల కోటు ఉంది నాకు," అన్నాడు స్టాన్. "వస్తూ పంచదార తెస్తా."

డెస్మండ్ సరేనని కప్పులు కడిగి బోర్లించాడు.