నాలుగో నంబరు పాట

ఔరెన్సేలో గురువారం సాయంత్రం ఆరు దాటితే తరేయిషా ఏ పాట వినమంటే ఊరంతా ఆ పాటే వింటుంది. ఊరి రేడియోలో ఆమెది అరగంట కార్యక్రమం. ఏ కంపెనీ అండా లేకుండా పడగ్గదిలో రికార్డు చేసుకునేవాళ్ళు, పల్లెపాటకి గిటారు తగిలించేవాళ్ళు, కంజిర తప్ప మరో వాద్యం ముట్టనివాళ్ళు, అందరూ ఆమెకి పాటలు పంపుతారు. వాటిలోంచి వారానికి ఒక్కటి ఎంచుతుంది. ఆమె ఎంచినవాళ్ళకి వేసవి ఉత్సవాల్లో పాడమని పిలుపు వచ్చినట్టే.

ఎంపికకి ఒక కట్టుబాటు ఉంది. పేర్లు చూడకూడదు. స్టూడియోలో ముప్పై ఏళ్ళుగా మీటలు తిప్పుతున్న అమారో పేర్లు తీసేసి, నంబర్లు వేసి ఇస్తాడు. చిన్న ఊరు కదా, పేరు కనబడిందంటే పిన్ని కొడుకో, పక్కింటి పిల్లో అయి తీరుతుంది. ఎంపిక కానివాళ్ళకి ఎందుకు కాలేదో రెండు ముక్కల్లో ఉత్తరం వెళుతుంది. ఈ కట్టుబాటు పెట్టింది తరేయిషాయే. పెట్టినందుకు కాస్త గర్వం కూడా ఉంది.

ఆ మంగళవారం అమారో నోరు జారాడు. పదకొండు పాటలు చేతికిచ్చి, కాఫీ కలుపుకుంటూ, "ఈసారి మీ చెల్లెలు కూడా పంపిందమ్మాయ్" అనేసి నాలిక కరుచుకున్నాడు. ఏ నంబరో చెప్పమంటే మాత్రం ససేమిరా అన్నాడు.

చెల్లెలు మీనియాతో తరేయిషాకి మాటల్లేక ఆరేళ్ళు. ఒకప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ కంజిరలు పట్టుకుని చుట్టుపక్కల ఉత్సవాలన్నిటా పాడినవాళ్ళే. ఒకే పాటలో అక్కది కింది స్థాయి వరస, చెల్లెలిది దానికి తోడుగా పై స్థాయి వరస. ఒకరోజు వేదిక దిగుతూనే తరేయిషా ఇక పాడనంది. మనం పాడేది అంత గొప్పగా ఏమీ లేదు, నాకు చెవులున్నాయి, తెలుస్తోంది అంది. మీనియా కంజిర సంచిలో పెట్టుకుని అల్యారిస్ ఊరి బస్సెక్కేసింది. ఏటా క్రిస్మస్‌కి ఫోన్ చెయ్యాలనుకుంటుంది తరేయిషా. ముఖం చెల్లక మానేస్తుంది.

ఇప్పుడు దారి దొరికింది. చెల్లెలి పాట ఎంచితే చాలు, క్షమాపణ నోటితో చెప్పక్కర్లేదు. అది మోసం కాదా అని మనసు గుచ్చింది. పాట నిజంగా బాగుంటే మోసమెలా అవుతుందని తనే సర్దిచెప్పుకుంది. ఇంతకీ ఆ పాట ఏది?

రెండురోజులు వంటింట్లో కూర్చుని విన్నదే వింది. పొయ్యి మీద క్యాబేజీ పులుసు అడుగంటినా లేవలేదు. మొదటిసారి రెండో నంబరు మీనియాదే అనిపించింది. ఇంకోసారి వింటే అది ఇరవై దాటని పిల్ల గొంతు. తొమ్మిదిలో కంజిర దెబ్బ చెల్లెలిదే, పలుకు మాత్రం కాదు. ఏ పాట విన్నా మీనియా వినిపిస్తోంది, మళ్ళీ వింటే మాయమవుతోంది. ఆఖరికి ఏడో నంబరు దగ్గర ఆగింది. అందులో తమ ఇంటి గురించే అన్నట్టు వానలో తడిసిన పెరడు, అమ్మ ఎండబోసిన చెస్ట్‌నట్ కాయలు, చరణం చివర చిన్న నిట్టూర్పు. ఆ నిట్టూర్పు విని ఏడ్చేసింది.

నాలుగో నంబరు ఆమెని చిరాకుపెట్టింది. ఒక్క కంజిర, ఒక్క గొంతు. వింటుంటే పైన ఇంకేదో వరస దానంతటదే తన నోటికొస్తోంది. మనసుని పాట మీద నిలవనివ్వడం లేదు. "గొంతు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. పాట సగమే ఉంది, ఎక్కడో విన్న రాగం అడ్డొస్తోంది" అని ఉత్తరం రాసి, మిగతావాటితో కలిపి కవర్ల మీద నంబర్లు వేసి, అడ్రసులు రాసి పోస్టు చెయ్యమని బుధవారం అమారోకిచ్చింది.

గురువారం ఏడో పాట వినిపించి, ఈ గొంతు తనకి చిన్ననాటి నుంచీ తెలిసినట్టుందని మైకులో చెప్పింది. ప్రసారం ముగిసి ఎర్రదీపం ఆరగానే అమారో పేర్లున్న కవరు చించాడు. ఏడో నంబరు వెరీన్‌లో మందుల షాపు నడిపే ఇల్దువారా అనే ఆవిడది. తరేయిషా ఆయన ఆటపట్టిస్తున్నాడనుకుని కాగితం లాక్కుని చూసింది. మీనియా పేరు నాలుగో నంబరు పక్కన ఉంది.

ఎవరూ ఎరగని గొంతుల్ని వెతికి పట్టుకుంటుందని ఊరు మెచ్చుకునే మనిషి సొంత చెల్లెల్నే పోల్చుకోలేకపోయింది. అమారో తప్పు తనదేనని నొచ్చుకుంటూ కాఫీ ఇచ్చాడు. తాగిందో లేదో ఆమెకి గుర్తులేదు.

శనివారం ఉదయం అల్యారిస్ వెళ్ళింది. మీనియా అక్కడ ఊరి హాల్లో ఆడవాళ్ళకి కంజిర నేర్పుతుంది. పదిమంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మీనియా అక్కని చూసి, వాళ్ళకి ఏదో చెప్పి, గుమ్మం దగ్గరికి వచ్చింది. ముద్దులూ కౌగిలింతలూ లేవు.

"ఉత్తరం నిన్న వచ్చింది" అంది. "గొంతు అరువుదన్నావ్. అరువుదే. అది నీ వరస. నువ్వెలా పాడేదానివో అచ్చం అలాగే పాడాను. సగమే ఉందన్నావ్. నిజమే, నా వరస పాడలేదు."

"వింటుంటే నీ వరస నా నోటికొచ్చిందే" అంది తరేయిషా.

"వచ్చిందా?"

"వచ్చింది. తప్పనుకుని నీ పాట పక్కన పెట్టేశాను."

మీనియా ముఖం తిప్పుకుంది. లోపల ఎవరో కంజిర సరిచేసుకుంటున్నారు. ఈ ఆరేళ్ళలో ఇలా ఎంతమంది పాటలు పక్కన పెట్టేసిందోనని తరేయిషాకి భయం వేసింది. ఏది మంచి పాటో, ఏది కాదో ఇప్పుడు నిజంగా తెలియడం లేదని చెల్లెలితో చెప్పింది. నీ పాట బాగుందో లేదో కూడా చెప్పలేను, నా చెవుల మీద నాకే నమ్మకం పోయింది అంది.

"బాగుందా అని నిన్నెవరడిగారక్కా?" అంది మీనియా. "ఆ పాటతో నిన్ను రమ్మని పిలిచాను."

మీనియా లోపలికి వెళ్ళి తన చోట కూర్చుంది. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కంజిర అందుకుని అదే పాట, అక్క వరసే ఎత్తుకుంది. గుమ్మంలో కాస్సేపు తటపటాయించి తరేయిషా చెల్లెలి పై వరస కలిపింది. మొదటి చరణమంతా శ్రుతి తప్పింది. అయినా ఆపలేదు.